జాడ పట్టే విద్య: ఎడ్సాక్ నుంచి బెంగళూరు దాకా

మండలాల రోజువారీ వర్షపాతాన్ని రాత్రిపూట కూడి నెలవారీ పట్టిక తయారుచేసే షెల్ స్క్రిప్టు ఒకటి ఉందనుకుందాం. శ్రీ సత్యసాయి జిల్లాలోని 32 మండలాలకూ అది ఒక్కొక్కసారి నడుస్తుంది. వాటిలో ఒకటైన నల్లమాడ పట్టిక జనవరిలో సరిగ్గా వచ్చింది. ఏప్రిల్లో వచ్చింది. వేరుశెనగ విత్తే జూలైలోనూ వచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి మాత్రం ఖాళీ. సెప్టెంబర్ కూడా ఖాళీ. అక్టోబర్ ఒకటిన ఎవరూ చెయ్యి పెట్టకుండానే మళ్ళీ అంకెలు రావడం మొదలైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే సీమ ఇది. పైరు నిలబడాలంటే ఆగస్టు, సెప్టెంబర్ వానలే దిక్కు. సరిగ్గా ఆ రెండు నెలలే లెక్కలోంచి జారిపోయాయి.

ఈ స్క్రిప్టు ఊహించిందే కానీ, ఈ తప్పు ఊహ కాదు. ప్రొడక్షన్ సపోర్టులో నైట్ షిఫ్టులు చేసిన చాలామందికి ఇది ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి మూడు దారులున్నాయి. వందల వరుసల స్క్రిప్టును మొదటినుంచి కళ్ళు కాయలు కాచేలా చదవడం ఒకటి. అనుమానం వచ్చిన చోటల్లా ఎకో పెట్టి మళ్ళీ నడపడం రెండోది. తాను ఏ వరుసను ఏ విలువలతో నడుపుతోందో షెల్ చేతే చెప్పించడం మూడోది. ఈ మూడో దారికి డెబ్బయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో కొన్ని ముఖ్యమైన పుటలు నల్లమాడ నుంచి ఒక పూట ప్రయాణంలో ఉన్న బెంగళూరులోనే రాశారు.

మొదటి పుట ఇంగ్లండులోని కేంబ్రిడ్జిది. అక్కడ మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్సాక్ కంప్యూటర్ 1949 మే 6న తొలి ప్రోగ్రామును నడిపింది. ప్రోగ్రాములు రాయడం కంటే రాసినదాంట్లో తప్పులు వెతకడానికే ఎక్కువ కాలం పట్టేటట్టుందని విల్క్స్‌కు కొద్ది వారాల్లోనే అర్థమైంది. ఆ బృందంలోనే ఉన్న స్టాన్లీ గిల్, తప్పుల ఆరా మీద 1951లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో అతను వివరించిన తనిఖీ ప్రోగ్రాము అసలు ప్రోగ్రామును తన గుప్పిట్లోకి తీసుకుంటుంది. ఒక్కొక్క ఆదేశాన్నీ తానే చదువుతుంది, దాని గుర్తు అక్షరాన్ని టెలిప్రింటర్ మీద అచ్చు వేస్తుంది, ఆ తర్వాతే ఆదేశాన్ని అమలు చేస్తుంది. ప్రోగ్రాము ఏ దారిన పోయిందో కాగితం మీద కనబడుతుంది.

ఇబ్బంది కూడా మొదటిరోజే కనబడింది. టెలిప్రింటర్ నిదానం, యంత్రం వేగం. ప్రతి అడుగూ అచ్చు వేయిస్తే క్షణాల పని గంటలు పడుతుంది, పైగా కాగితాల గుట్టలో అవసరమైన ఒక్క అక్షరం ఎక్కడుందో కానరాదు. ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఆ తర్వాతి చరిత్రంతా ఈ ప్రశ్నకు ఒక్కో తరం చెప్పుకున్న జవాబే.

షెల్ సంగతి తర్వాతి దశాబ్దంలో మొదలైంది. ఎంఐటీలోని సీటీఎస్ఎస్ వ్యవస్థ కోసం ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాఁ, వరసగా కొట్టే ఆదేశాలను ఒక ఫైల్లో పెట్టి ఒకేసారి నడిపే రన్‌కామ్ అనే ప్రోగ్రామును 1963–64 ప్రాంతంలో రాశాడు. షెల్ అనే పేరు పెట్టిందీ ఆయనే. 1971లో కెన్ థాంప్సన్ తొలి యూనిక్స్‌కు రాసిన షెల్ చాలా చిన్నది. అందులో ఇఫ్, గోటూ కూడా షెల్ లోపలివి కావు, బయట ఉన్న విడి ప్రోగ్రాములు. అంత చిన్న షెల్లులో రాసే స్క్రిప్టులూ చిన్నవే. తప్పులు వెతకడానికి కళ్ళు చాలేవి.

కథ మారింది 1979లో. బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన ఏడో వెర్షన్ యూనిక్స్‌తో స్టీవ్ బోర్న్ రాసిన షెల్ వచ్చింది. చరరాశులు, లూపులు, కేస్ వరుసలు వచ్చి షెల్ నిజమైన ప్రోగ్రామింగ్ భాషగా మారింది. వెయ్యి వరుసల స్క్రిప్టులు రాయడం సాధ్యమైంది, వెయ్యి వరుసల్లో తప్పు దాక్కోవడమూ సాధ్యమైంది. బోర్న్ ఇది ముందే గ్రహించినట్టుంది. అదే యూనిక్స్‌తో వచ్చిన ఏడీబీ అనే డీబగ్గర్ కూడా ఆయన రాసిందే మరి. తన షెల్‌లో ఆయన రెండు మీటలు పెట్టాడు. ‘సెట్ మైనస్ వీ’ అంటే షెల్ చదివిన వరుసను చదివినట్టే చూపిస్తుంది. ‘సెట్ మైనస్ ఎక్స్’ అంటే చరరాశుల స్థానంలో వాటి విలువలు పెట్టి, నిజంగా అమలయ్యే రూపంలో చూపిస్తుంది. తర్వాత వచ్చిన షెల్లుల్లో మైనస్ బదులు ప్లస్ కొడితే మీట ఆరిపోతుంది. సిగ్నల్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ట్రాప్ కూడా బోర్న్ షెల్‌లోనే ఉంది.

ఈ మీటను స్క్రిప్టు మధ్యలో ఎక్కడైనా వెయ్యవచ్చు, ఎక్కడైనా ఆర్పవచ్చు. ఇప్పటికీ చాలామంది దీన్ని వాడుకోరు. స్క్రిప్టు మొదటి వరుసలో మైనస్ ఎక్స్ తగిలించి, వచ్చిన వేల వరుసల లాగ్‌లో ఈదులాడతారు. చెరువు కట్ట చెమ్మగిల్లితే నీరు ఊరుతున్న చోటునే చూస్తారు తప్ప కట్ట మొత్తం తవ్వరు.

ఎంచుకుని చూసే సౌకర్యాన్ని తర్వాతి మెట్టు ఎక్కించినవాడు బెల్ ల్యాబ్స్‌కే చెందిన డేవిడ్ కార్న్. ఆయన తన షెల్‌ను 1983 జూలై 14న యూసెనిక్స్ సమావేశంలో ప్రకటించాడు. అందులో ‘టైప్‌సెట్ మైనస్ ఎఫ్‌టీ’ అని చెప్పి ఒక ఫంక్షన్ పేరు ఇస్తే, ఆ ఫంక్షన్ నడిచినంతసేపే జాడ (ట్రేస్) పడుతుంది. స్క్రిప్టులో మిగతా భాగమంతా మౌనంగా ఉంటుంది. ప్రతి ఆదేశానికీ ఒకసారి పిలుపు అందుకునే డీబగ్ ట్రాప్ కూడా కార్న్ షెల్‌తోనే వాడుకలోకి వచ్చింది. జాడ వరుసకు ముందు ఏం అచ్చు వెయ్యాలో చెప్పే పీఎస్4 చరరాశి 1988 నాటి రూపంలో చేరి, తర్వాత పోసిక్స్ ప్రమాణంలోకి వెళ్ళింది. విడిగా ఏమీ చెప్పకపోతే పీఎస్4 విలువ ఒక ప్లస్ గుర్తు, దాని పక్కన ఖాళీ. సపోర్టు ఉద్యోగులు రోజూ లాగ్‌లో చూసే ప్లస్ గుర్తులు అవే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తరఫున బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో బయటికొచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలుగా దాన్ని సాకుతూ వచ్చినవాడు కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి చెందిన చెట్ రేమీ. లైనక్స్‌తో పాటు బాష్ ప్రపంచమంతా పాకింది. రాకీ బెర్న్‌స్టైన్ బాష్ కోసం బాష్‌డీబీ అనే పూర్తి డీబగ్గర్ తయారుచేస్తూ, షెల్ లోపల ఏమేం కావాలో తేల్చాడు. 2004లో వచ్చిన బాష్ 3.0లో అవి చేరాయి. ఏ ఫైలు, ఏ ఫంక్షన్, ఎవరు పిలిస్తే ఇక్కడికొచ్చాం అన్న వివరాలు స్క్రిప్టుకే అందడం అప్పటినుంచి మొదలు. 2009 డిసెంబర్ చివరిరోజున వచ్చిన 4.1లో జాడను విడి ఫైలుకు మళ్ళించే వీలు కలిగింది. 2016 నాటి 4.4తో, ఒక ఫంక్షన్‌లో వేసిన మీట ఆ ఫంక్షన్ ముగియగానే తనంతట తానే పాత స్థితికి వెళ్ళే ఏర్పాటూ వచ్చింది.

తెలుగువారి దగ్గరికి ఈ విద్య హైదరాబాద్ అమీర్‌పేట గుండా చేరింది. వై2కే గిరాకీ రోజుల నుంచి మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు యూనిక్స్, షెల్ స్క్రిప్టింగ్ చెబుతూ వచ్చాయి. చేతిరాత నోట్సును జిరాక్స్ దుకాణాలు కట్టలు కట్టి అమ్మేవి. కోస్తా నుంచీ సీమ నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ వచ్చిన వేలమంది ఆ కట్టలు చదివి ఉద్యోగాలకు వెళ్ళారు. వాళ్ళకు దొరికిన మొదటి పని చాలాసార్లు కొత్త ప్రోగ్రాము రాయడం కాదు, ఇంకెవరో ఎప్పుడో రాసిన స్క్రిప్టు అర్ధరాత్రి ఆగిపోతే మళ్ళీ నడిపించడం. నోట్సులో లూపులు, గ్రెప్, ఆక్ పుష్కలంగా ఉండేవి. డీబగ్గింగుకు మాత్రం తరచు ఒక్క వరుసే దక్కేది: మైనస్ ఎక్స్ పెట్టి చూడు. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తీసెయ్యాలో, వచ్చే జాడ ఎటు పోతుందో ఉద్యోగమే నేర్పింది.

ఆ మూడు ప్రశ్నలకూ జవాబు వర్షపాతం స్క్రిప్టులోనే చూడవచ్చు.

స్క్రిప్టును క్రాన్ అనే టైమర్ ప్రోగ్రాము రాత్రి పదకొండింటికి నడుపుతోంది. మెయిళ్ళ గోల పడలేక ఎవరో స్టాండర్డ్ ఎర్రర్‌ను, వచ్చినదాన్నంతా పారేసే డెవ్ నల్‌కు మళ్ళించారు. దాంతో షెల్ పెట్టిన మొర ఎవరికీ వినబడలేదు. మైనస్ ఎక్స్ జాడ కూడా మామూలుగా స్టాండర్డ్ ఎర్రర్ లోకే పోతుంది కనక అదీ అందులోనే మాయమవుతుంది. ఇక్కడ పనికొచ్చేది బాష్ 4.1 తెచ్చిన ‘బాష్ ఎక్స్‌ట్రేస్ ఎఫ్‌డీ’ అనే చరరాశి. తొమ్మిదో నంబరు మీద ఒక ఫైలు తెరిచి, ఆ చరరాశికి 9 ఇస్తే జాడ నేరుగా ఆ ఫైల్లో పడుతుంది. స్క్రిప్టు ఇచ్చే ఫలితానికీ, క్రాన్ చేసిన ఏర్పాటుకూ ఏ ఆటంకమూ ఉండదు.

రెండో పని పీఎస్4లో ఫైలు పేరు, వరుస నంబరు, ఫంక్షన్ పేరు పెట్టడం. దాని చుట్టూ ఒంటి కోట్లు ఉండాలి. జంట కోట్లు పెడితే విలువలు అప్పటికప్పుడే గడ్డకట్టి, జాడ మొత్తానికీ ఒకే వరుస నంబరు కనిపిస్తుంది. మూడో పని షరతు. తప్పు అన్ని మండలాలదీ ఒకటే అయినప్పుడు 32 జాడలు ఎందుకు? మండలం పేరు నల్లమాడ అయితేనే, అదీ నెల లెక్క కట్టే ఫంక్షన్ మొదట్లోనే మీట వెయ్యమంటే చాలు. మర్నాడు ఫైలు తెరిస్తే ఈ వరుస ఉంటుంది:

+ వాన.ఎస్‌హెచ్:42:నెల_కూడు: నెల=08

తర్వాత రావాల్సింది 43వ వరుస, నెల లోంచి ఒకటి తీసివేసే లెక్క. అది రాలేదు. తర్వాతి జాడ 71వ వరుసది, ఆ ఫంక్షన్ బయటిది. అంటే 43 దగ్గర లెక్క కుదరక బాష్ ఆ ఫంక్షన్‌ను అక్కడికక్కడే వదిలేసి, కింది పని చేసుకుంటూ పోయింది. పట్టిక శీర్షిక అచ్చయింది, అంకెలు లేవు.

లెక్క ఎందుకు కుదరలేదన్నదీ చరిత్రే. సీ భాషలో సున్నాతో మొదలయ్యే సంఖ్యను ఆక్టల్‌గా, అంటే ఎనిమిది ఆధారంగా చదువుతారు. షెల్ లెక్కలు ఆ సంప్రదాయాన్నే తీసుకున్నాయి. ఆ పద్ధతిలో 0 నుంచి 7 వరకే అంకెలు. కాబట్టి 01 నుంచి 07 దాకా ఏ చిక్కూ లేదు. 08, 09 అనేవి అసలు సంఖ్యలే కావు. 10 సున్నాతో మొదలవదు కనక మామూలు పది. అందుకే జనవరి నుంచి జూలై దాకా నడిచి, ఆగస్టు, సెప్టెంబర్లలో పడిపోయి, అక్టోబర్లో లేచి కూర్చుంది. తేదీ అంకెతో లెక్క కట్టే స్క్రిప్టయితే ప్రతి నెలా ఎనిమిదినా తొమ్మిదినా పడిపోతుంది. బోర్న్ కాలంలో లెక్కలన్నీ ఎక్స్‌పర్ అనే విడి ప్రోగ్రాము చేసేది, దానికి 08 అంటే ఎనిమిదే. పాత స్క్రిప్టును కొత్త పద్ధతిలోకి మార్చినప్పుడు ఈ తప్పు చొరబడుతుంది. సంఖ్య ముందు 10, హాష్ గుర్తు పెట్టి, పది ఆధారంగా చదవమని చెబితే బాష్‌లో సరిపోతుంది. తప్పు నాలుగు అక్షరాల పాటిది కూడా కాదు. దాన్ని పట్టించింది ఒకే ఒక్క ఫంక్షన్ మీద పడిన వెలుగు.

నడుస్తున్న స్క్రిప్టును ఆపడానికి వీల్లేనప్పుడు ఇంకో ఉపాయం ఉంది. గంటల తరబడి నడిచే జాబ్ మధ్యలో మొరాయిస్తుంటే, దాన్ని చంపి మళ్ళీ మొదలుపెడితే ఆ స్థితి మళ్ళీ దొరక్కపోవచ్చు. అందుకని స్క్రిప్టు మొదట్లోనే, యూఎస్ఆర్1 సిగ్నల్ వస్తే జాడ మొదలుపెట్టు, యూఎస్ఆర్2 వస్తే ఆపు అని రెండు ట్రాపులు రాసిపెట్టుకుంటారు. అవసరం పడినరోజు బయటినుంచి కిల్ ఆదేశంతో ఆ సిగ్నల్ పంపితే చాలు. బాష్ ఏదైనా ఆదేశం ముగియడం కోసం ఎదురుచూస్తూ ఉంటే మాత్రం ఆ ఆదేశం అయ్యాకే ట్రాప్ నడుస్తుంది. ఇది తెలియనివాళ్ళు సిగ్నల్ పనిచెయ్యలేదనుకుని మళ్ళీ మళ్ళీ పంపుతుంటారు.

ఎంచుకుని చూడడానికి వేగం, కాగితం మాత్రమే కారణాలు కావు. మైనస్ ఎక్స్ చరరాశుల విలువలు పెట్టి చూపిస్తుందని చెప్పుకున్నాం. ఆ విలువ డేటాబేస్ పాస్‌వర్డ్ అయితే అదీ లాగ్‌లో పడుతుంది. లాగ్ పదిమంది చూస్తారు, ఇంకో సర్వర్‌కు కాపీ అవుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. రహస్యాన్ని తాకే వరుసలకు ముందు మీట ఆర్పి, దాటాక వెయ్యడం ఈ వృత్తిలో కనీస మర్యాద.

షెల్ ఎంత చెప్పినా తన వరుసల వరకే చెప్పగలదు. అది పిలిచిన ప్రోగ్రాము కెర్నెల్‌లో ఎక్కడ నిద్రపోయిందో దానికి తెలియదు. ఆ లోతుకు దిగే విద్యలోనే బెంగళూరు పేరు వస్తుంది.

ఐబీఎంలో ఓఎస్/2 వ్యవస్థకు నడుస్తున్నప్పుడే జాడ తీసే పరికరం ఒకటి ఉండేది. రిచర్డ్ మూర్ బృందం దాన్ని లైనక్స్‌కు తెచ్చి, 2000 ప్రాంతంలో డీప్రోబ్స్ అనే పేరుతో విడుదల చేసింది. అది పెద్దది, అంతా ఒకేసారి కెర్నెల్‌లో చేరడం కష్టం. అందులోని మూలసూత్రాన్ని మాత్రం విడదీసి కేప్రోబ్స్ చేశారు. లైనక్స్ కెర్నెల్ సోర్సులో కేప్రోబ్స్ ఫైలు తెరిస్తే పైభాగాన ఆ చరిత్ర ఇప్పటికీ ఉంటుంది: 2002 అక్టోబర్‌లో తొలిరూపం రాసింది బెంగళూరులోని ఐబీఎం ఇండియాకు చెందిన వంశీకృష్ణ ఎస్. ఆ కింద 2004 నాటి మార్పులకు ప్రసన్న పంచముఖి, సుపర్ణా భట్టాచార్య పేర్లు. ఆ ఏడాది అక్టోబర్‌లో 2.6.9 కెర్నెల్‌తో కేప్రోబ్స్ అధికారికంగా చేరింది.

అది పనిచేసే తీరు చూడముచ్చటైనది. కెర్నెల్‌లో ఫలానా ఆదేశం దగ్గర చూడాలని చెబితే, ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో ఆ ఆదేశపు మొదటి బైటును తీసి దాచి, దాని చోట బ్రేక్‌పాయింట్ బైటు పెడతారు. ప్రాసెసర్ అక్కడికి రాగానే ఉలిక్కిపడి కెర్నెల్‌ను పిలుస్తుంది. మనం రాసిన చిన్న ఫంక్షన్ నడుస్తుంది, దాచిన ఆదేశం పక్కన అమలవుతుంది, పని యథావిధిగా ముందుకు సాగుతుంది. కెర్నెల్‌ను తిరిగి కట్టక్కర్లేదు, యంత్రాన్ని ఆపక్కర్లేదు. అడగని చోట ఒక్క బైటు కూడా మారదు కనక అడగని చోట ఖర్చూ లేదు. స్టాన్లీ గిల్ తనిఖీ ప్రోగ్రాము ప్రతి ఆదేశం దగ్గరా ఆగేది. ఇది చూపించిన ఒక్క ఆదేశం దగ్గరే ఆగుతుంది.

2005 జనవరిలో సన్ కంపెనీ సొలారిస్ 10తో డీట్రేస్‌ను తెచ్చింది. బ్రయాన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంతాల్ రాసిన ఆ పరికరం లైనక్స్‌వాళ్ళను తొందరపెట్టింది. అదే ఏడాది ఐబీఎం, రెడ్ హాట్, ఇంటెల్ కలిసి కేప్రోబ్స్ పునాది మీద సిస్టమ్‌ట్యాప్ మొదలుపెట్టాయి. ఒట్టావా లైనక్స్ సదస్సులో దాన్ని పరిచయం చేసిన వ్యాసానికి మొదటి రచయిత ఐబీఎంకు చెందిన వర ప్రసాద్.

కెర్నెల్‌లో కుదిరింది మామూలు ప్రోగ్రాముల్లో కుదరడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. యూప్రోబ్స్ అనే ఆ సౌకర్యం మీద కెర్నెల్ పెద్దల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, నమూనాలు మారాయి, ప్యాచులు మళ్ళీ మళ్ళీ రాయవలసివచ్చింది. చివరికి 2012లో 3.5 కెర్నెల్‌తో చేరింది. ఆ ఫైలు తలమీద 2008 నుంచి 2012 దాకా ఐబీఎం పేరు, రచయితలుగా శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లు ఉంటాయి. ద్రోణంరాజు అన్న ఇంటిపేరు తెలుగువాళ్ళకు పరిచయం చెయ్యక్కర్లేదు.

ఆ పునాది మీద బ్రెండన్ గ్రెగ్ బాష్‌రీడ్‌లైన్ అనే చిన్న పరికరం రాశాడు. యంత్రంలో ఎవరు ఏ బాష్ ముందు కూర్చుని ఏ ఆదేశం కొట్టినా, అది సమయంతో సహా కనబడుతుంది. అందుకు బాష్‌లో ఏ మీటా వెయ్యక్కర్లేదు, బాష్‌ను తిరిగి మొదలుపెట్టక్కర్లేదు. బాష్ లోపలి రీడ్‌లైన్ ఫంక్షన్ ముగిసే చోట యూప్రోబ్ ఒకటి కాపు కాస్తుంది. షెల్ తన గురించి తాను చెప్పుకునే రోజుల నుంచి, షెల్‌ను అడగకుండానే దాని జాడ పట్టే రోజులకు ఈ విద్య చేరింది.

ఇక మొదలుపెట్టిన నల్లమాడ సీమకే తిరిగి వద్దాం. 1890లలో వేసిన గుంతకల్లు–బెంగళూరు మీటర్‌గేజి లైను ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా ఈ సీమను బెంగళూరుతో కలిపింది. ఇప్పుడు ఆ రైలుదారి మీదా, పక్కనున్న 44వ నంబరు జాతీయ రహదారి మీదా వెళ్ళేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ సపోర్టు ఉద్యోగానికి వెళ్ళే పిల్లలూ ఉన్నారు. పుట్టపర్తిలో 1981లో ఏర్పడిన సత్యసాయి విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సు చెబుతోంది. అనంతపురం జేఎన్‌టీయూ కింది కాలేజీలూ చెబుతున్నాయి. ఈ కాలేజీల అధ్యాపకులకు ఒక్క మనవి. షెల్ ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్ రాయించేచోట ఒక్క పూట వేరే ప్రశ్న ఇవ్వండి. మూడు వందల వరుసల స్క్రిప్టు, ఆగస్టు, సెప్టెంబర్లలో మాత్రమే పడిపోయే తప్పు, తప్పున్న ఫంక్షన్ తప్ప ఇంకేదీ ట్రేస్ చెయ్యకూడదన్న నియమం పెట్టండి. ఆ తర్వాత కేప్రోబ్స్, యూప్రోబ్స్ ఫైళ్ళు తెరిచి పైన ఉన్న పేర్లు చదివించండి. ఆ రెండు ఫైళ్ళూ కెర్నెల్ సోర్సులో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉన్నాయి.